చిన్నదాని సైకిలుకు కందెన

రాసుకో బిడ్డా. మీ నానమ్మ చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ సొంత తెలివి కలపకు. ఎక్కడైనా దారి తప్పితే గుర్తు చెయ్యి, అంతే. ఇది మీ చెల్లె సైకిలు సంగతి. మొదట అది నీదే కాబట్టి నీ సంగతి కూడా అనుకో.

ముందు ఈ దిగుడు గురించి రాయి. మీ నాన్నకు భూపాలపల్లి బదిలీ అయినప్పుడు తీసుకున్న ఈ ఇల్లు ఎత్తు మీద ఉంది. గేటు దాటితే వీధి తిన్నగా కిందికి జారిపోతుంది. సగం దూరంలో కరెంటు స్తంభం. అక్కడి నుంచి ఇంకొంచెం దిగితే మెయిన్ రోడ్డు. ఆ రోడ్డు మీద పొద్దంతా బొగ్గు లారీలే. లారీ దగ్గరికి వస్తుంటే మన వంటింటి గూట్లో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. కొత్తలో అది విని ఎవరో పిలుస్తున్నారనుకుని గేటు దాకా పోయేదాన్ని.

వీధి రోడ్డును కలిసే మూల మీద ఒక కడ్డీకి ఎండిపోయిన పూలదండ వేలాడుతుండేది. బొగ్గు దుమ్ముకు నల్లబడి తాడులా అయిపోయింది. ఎవరిదని ఎదురింటామెను అడిగాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, "గది పోయినేడుది పెద్దమ్మా" అంది. పోయినేడుది అంటే ఏమిటి, ఏటేటా ఒకటి కడతారా అని అడగబోయి ఊరుకున్నాను. కొన్ని తెలియకపోతేనే నిద్ర పడుతుంది.

చిన్నదానికి, అదే మీ చెల్లెకు, సైకిలు వయసు వచ్చినప్పుడు నాకున్న దిగులు ఒక్కటే. ఇది ఆ స్తంభం దగ్గర ఆగుతుందా, ఆగదా.

ఇప్పుడు జనగామ రాయి. నువ్వప్పుడు ఒకటో తరగతి. మీ నాన్న ఉద్యోగం అక్కడే, నేనూ మీతోనే ఉండేదాన్ని. స్టేషన్ దారిలో సైకిళ్ళ షాపుకు మనందరం పోయాం. పైకప్పుకు కొక్కేలు పెట్టి సైకిళ్ళను కోళ్ళలాగా వేలాడదీశాడు. నువ్వు గులాబీ రంగుది పట్టుకుని వదల్లేదు. అది నీ ఎత్తుకు సరిపోయేదే. మీ నాన్న మాత్రం దాని పక్కన ఒక సైజు పెద్దది చూపించాడు. పిల్ల పెరుగుతుంది కదా అని ఆయన లెక్క. మన ఇళ్ళల్లో అన్నీ అట్లాగే కదా. గౌను కుట్టిస్తే అంచు లోపలికి మడిచి కుట్టిస్తాం. చెప్పులు పెద్దవి కొని ముందు దూది కుక్కుతాం.

నేనన్నాను: "చెప్పుల్ల దూది పెడ్తం. సైకిలుకు ఏం పెడ్తవ్ రా?"

షాపతను నవ్వాడు. పానా తీసి సీటును ఇంక దిగనంత కిందికి దించాడు. నిన్ను కూర్చోబెడితే కాలి వేళ్ళు మాత్రం నేలకు తగిలాయి, మడమలు గాలిలోనే. రెండు పాదాలు పూర్తిగా ఆనాలి, లేకుంటే పిల్ల ఆగలేదు అన్నాను. మీ నాన్నకు ఒళ్ళు మండింది.

"అవ్వా, నువ్వు ఎన్నడన్న సైకిలు తొక్కినవా?"

"నేను తొక్కలే. నువ్వు తొక్కంగ చూసిన. ఏదీ, నీ మోకాలి మీది మచ్చ జర అందరికీ చూపియ్యి."

మీ అమ్మ ముఖం పక్కకు తిప్పుకుని నవ్వింది. అయినా పెద్దదే ఇంటికి వచ్చింది. దానికి రెండు పక్కలా చిన్న చక్రాలు బిగించారు. నువ్వు ఎప్పుడూ ఎడమకే ఒరిగేదానివి, ఆ పక్క చక్రం వంగిపోయి గడగడమనేది. బెల్లు అక్కర్లేదు, నువ్వు వస్తున్నావని వీధంతటికీ తెలిసేది. తర్వాత మీ నాన్న ఒక మంచి పని చేశాడు, అదీ రాయి. ఆదివారం ఆదివారం నీకు తెలియకుండా ఆ చిన్న చక్రాలను కొంచెం కొంచెం పైకి జరిపి బిగించేవాడు. కొన్నాళ్ళకు అవి నేలకు తగలడమే మానేశాయి. నువ్వు వాటి మీద నమ్మకంతో తొక్కుతున్నావు, అవేమో గాలిలో ఊరికే తిరుగుతున్నాయి. మీ నాన్న నాకు సైగ చేసి చూపించాడు. అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం మురిపెం రాలేదు. ఉందనుకున్న ఆధారం లేకుండానే పిల్ల అంత ధీమాగా పోతోంది కదా అని.

నువ్వు నాలుగో తరగతికి వచ్చేసరికి మోకాళ్ళు హ్యాండిలుకు తగలడం మొదలైంది. సీటు ఎంత పైకి లేపినా చాలలేదు. అప్పుడే బదిలీ వచ్చింది. నీకు గేర్లున్న పెద్ద సైకిలు కొన్నారు, పాతది మహబూబాబాద్‌లో మన ఇంటికి పోయింది. మీ తాత అక్కడే కదా, మిరపచేను వదిలి రాడు, పండగలకు మాత్రమే ఇక్కడికి వస్తాడు. నేనేమో మీ అమ్మ పాఠాలు చెప్పడానికి బడికి పోతుంది, పిల్లలను చూడాలని మీ దగ్గర ఉండిపోయాను. సైకిలు మాత్రం కొన్నేళ్ళు మిరప బస్తాల వెనక పడుకుంది.

చెల్లె రెండో తరగతికి వచ్చాక అడగడం మొదలుపెట్టింది. అక్కది నాకెప్పుడిస్తారు అని ఫోనులో తాతను వేధించింది. ఆయన ఎండాకాలంలో దాన్ని బయటికి తీశాడు. టైర్లు పగిలిపోయాయి, సీటును ఎలుకలు కొరికాయి, చైను తుప్పు పట్టి కదలడం లేదు. రిపేరు షాపులో ఇచ్చి కొత్త టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు వేయించాడు. ఆ కొత్త రబ్బర్లు రిమ్మును పట్టినప్పుడల్లా కీచుమని అరిచేవి. కొత్తవి గదా అట్లనే అంటయి, రాను రాను పోతుంది అని షాపతను పంపించేశాడు.

మీ తాత చెవికి ఆ అరుపు పట్టలేదు. ఎందుకో నీకు చెప్పాలి. ఆయన వయసంతా ఎడ్లబండి తోలినవాడు. బండి ఇరుసుకు కందెన పెట్టేవారు. కందెన అంటే ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి చేసే జిడ్డు. అది ఎండిపోతే చక్రం కీచుమంటుంది. అట్లా అరుస్తున్న బండి వీధిలోకి వస్తే, మనిషి ముఖం చూడకుండానే, వీడు ఎడ్ల ఉసురు పోసుకుంటున్నాడు అనేవారు. చక్రం ఏడవడం ఆయనకు పరువు తక్కువ. పిల్ల బండి ఇట్లా ఏడుస్తుంటే నాకు అన్నం సయించడం లేదు అని నాతో ఫోనులో అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

దసరా సెలవులు ఇవ్వగానే తాత దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. చిన్నది ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నేలకు చక్కగా ఆనాయి. ఆ సైజు బాధ తీరింది. మీ నాన్న కూడా ఊరికే వదల్లేదు. చేతితో ముందు చక్రం లేపి తిప్పి, బ్రేకు నొక్కి, చక్రం టక్కున ఆగిందో లేదో చూశాడు. వెనకదీ అంతే. ఇక్కడి బొగ్గు పొడి చైనులో దూరి ఇసుకలా కొరికేస్తుంది కాబట్టి పాత బ్రష్షుతో ఎట్లా తుడవాలో చెల్లెకు నేర్పాడు. చైనుకు నూనె చుక్కలు చుక్కలుగానే వేయాలన్నాడు, ఎక్కువైతే దుమ్ము ముద్ద కడుతుందట. బొటనవేలితో నొక్కి టైర్లలో గాలి చూడటం కూడా నేర్పాడు. తర్వాత స్తంభం చూపించి, "గాడి దాకనే. ఆడ దిగి నడిపిచ్చుకుంట మర్లి రావాలె" అన్నాడు. చిన్నది తలూపింది. అది దేనికైనా తలూపుతుంది.

అప్పటి నుంచి నా రోజంతా ఆ కీచు మీదే నడిచింది. వంటింట్లో ఉంటాను, గేటు చప్పుడవుతుంది. చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. కాసేపటికి కింద నుంచి కీచుమని వినబడితే, ఆగింది అని మళ్ళీ పని అందుకుంటాను. మీ అమ్మకు ఆ చప్పుడుకు తలనొప్పి. ఎదురింటామె అయితే గేటు దగ్గర మీ తాతను పట్టుకుని, "పెదనాయినా, మీ మనుమరాలి సైకిలు లేస్తె మా పిల్లగాడు నిద్రల్నుంచి లేస్తుండు" అని ఎగతాళి చేసింది. ఆయన ముఖం మాడిపోయింది. ఆయన చెవిలో అది సైకిలు చప్పుడు కాదు కదా.

దసరా పొద్దున మీ నాన్న మటన్ కోసం లైన్లో నిలబడటానికి పోయాడు. నువ్వు, మీ అమ్మ బంతిపూలు గుచ్చుతున్నారు. మీ తాత ఇంట్లో ఉన్న ఇనుమంతా వాకిట్లోకి తెచ్చాడు. కత్తిపీట, గడ్డపార, స్కూటరు, రెండు సైకిళ్ళు. నీ సైకిలుకు ముందురోజే పంచరైంది, గోడకు ఆనించి ఉంది. అన్నీ కడిగి, తుడిచి, తన సంచిలోంచి చిన్న సీసా తీశాడు. ఊరి నుంచి తెచ్చుకున్న ఆముదం. పండగపూట ఇనుముకు నూనె పెట్టడం ఆయనకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటే.

చిన్నదాని సైకిలును తలకిందులుగా నిలబెట్టాడు. ఇరుసులకు పెట్టాడు, చైనుకు పెట్టాడు. చక్రం తిప్పి బ్రేకు నొక్కాడు. కీచుమంది. చెవి దగ్గర పెట్టి విన్నాడు, మళ్ళీ తిప్పి మళ్ళీ విన్నాడు. ఎక్కడ ఏడుస్తుందో దొరికింది. గుడ్డను ఆముదంలో ముంచి రిమ్ము చుట్టూ రాశాడు, ఆ రబ్బర్లకూ పట్టించాడు. రిమ్ము అద్దంలా మెరిసింది. మమ్మల్నందరినీ పిలిచాడు.

"ఇప్పుడు ఇనుండ్రి" అన్నాడు.

చక్రం తిప్పి బ్రేకు నొక్కాడు. ఏ చప్పుడూ లేదు. చక్రం మెల్లగా తిరుగుతూనే ఉంది, తిరిగి తిరిగి దానంతట అది ఆగింది. మీ అమ్మ హమ్మయ్య అంది. ఆ వాకిట్లో చప్పుడు పోవడం ఒక్కటే అందరూ విన్నారు, చక్రం తిరగడం ఎవరూ చూడలేదు. పసుపు రాసి బొట్లు పెట్టారు, హ్యాండిలుకు బంతిదండ కట్టారు. తాత చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి సైకిలును చేతితోనే ముందుకు నెట్టాడు. పిల్లను ఎక్కనివ్వలేదు. పూజ అయిన బండి పొద్దుగూకే దాకా నిలబడాలన్నాడు. చిన్నది మళ్ళీ తలూపింది.

ఎండ తగ్గాక అందరం జమ్మికి తయారవుతున్నాం. నేను వరండాలో కూర్చుని నీకు జడ వేస్తున్నాను. మీ అమ్మ లోపల చీర కట్టుకుంటోంది. మీ నాన్న, తాత ఇంటి వెనక చేతులు కడుక్కుంటున్నారు. చెల్లె ఎర్ర లంగా వేసుకుని అప్పటిదాకా మన చుట్టూ తిరిగింది. గేటు చప్పుడైంది. నేను దువ్వెన ఆపాను, అలవాటు ప్రకారం చెవి అటు వేశాను. కీచు వినబడలేదు. ఓ, ఇప్పుడు దానికి నోరు లేదు కదా, ఎప్పుడో ఆగే ఉంటుంది అని మళ్ళీ దువ్వెన పెట్టాను. అప్పుడు వంటింట్లో గిన్నెలు మోగడం మొదలుపెట్టాయి.

నేను నీ జుట్టు వదిలేశాను. నువ్వు నా ముఖం చూసి ఏమీ అడక్కుండానే లేచి ఉరికావు, జడ సగంలో విప్పుకుపోయి. నేను గేటు దాకా వచ్చేసరికి అది స్తంభం దాటిపోయింది. బంతిదండ గాలికి వెనక్కి ఎగురుతోంది. దాని కాళ్ళు రెండూ పక్కలకు చాచి ఉన్నాయి. ఆ వేగానికి పాదాలు నేలకు ఆనిస్తే చెప్పులు ఊడి దారిలో పడ్డాయి. చేతులు మాత్రం బ్రేకులను గట్టిగా పట్టుకునే ఉన్నాయి. చెప్పినట్టే చేస్తోంది పిల్ల. నేర్పినదంతా చేస్తోంది. కింద కుడివైపు నుంచి లారీ ముక్కు కనబడింది. నువ్వు అరుస్తున్నావు. 

లారీ ఆ మూల దాటింది. నల్లటి దుమ్ము లేచింది. చిన్నది కనబడలేదు, సైకిలు కనబడలేదు. లారీవాడికి ఏమీ తెలియదు, అదే తీరున పోయాడు. దుమ్ము కొంచెం దిగాక రోడ్డు పక్క మురుగునీళ్ళ మోరీలోంచి పైకి లేచిన చక్రం ఒకటి కనబడింది. అది ఇంకా తిరుగుతోంది.

నువ్వే ముందు దిగావు మోరీలోకి. చెల్లెను ఎత్తినప్పుడు అది నల్లగా, ఏ రంగు బట్టలో కూడా తెలియకుండా ఉంది. పెదవి కింద గదవ పగిలింది, ఎడమ చెయ్యి వేలాడుతోంది. దవాఖానకు పోయే దారిలో స్కూటరు మీద మీ అమ్మ ఒళ్ళో కూర్చుని, బ్రేకు పట్టుకున్నాను, గట్టిగా పట్టుకున్నాను అని అదే మాట చెబుతూ పోయిందట. చెయ్యి విరిగింది, పట్టీ వేశారు. నేను పోయి పక్కన కూర్చుంటే నా చెవి దగ్గరకు వచ్చి చెప్పింది.

"లారీ కనబడ్డది నానమ్మా, మోరీ కనబడ్డది. నేను మోరీల పడ్డ."

అంత చిన్న బుర్రలో రెప్పపాటులో ఆ ఎంపిక ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. 

మర్నాడు పొద్దున మీ నాన్న సైకిలును వాకిట్లోకి తెచ్చి కడిగాడు. ముందు చక్రం లేపి తిప్పి బ్రేకు నొక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది. రిమ్ము మీద వేలు పెట్టి వాసన చూశాడు. ఆముదం వాసన గుర్తుపట్టడానికి ఎవరికీ చదువు అక్కర్లేదు. మీ తాత వరండా మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. మీ నాన్న నోరు తెరవబోతుంటే నేను వద్దని తల ఊపాను. మీ నాన్న తన వేలు గుడ్డకు తుడుచుకున్నాడు.

అయినా మీ తాత లేచి వచ్చాడు. తన బొటనవేలు రిమ్ము మీద పెట్టి చుట్టూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.  తర్వాత కొడుకును అడిగాడు.

"గది ఏడిస్తెనే ఆగుతదా?"

"ఔ బాపు. రాపిడి ఉంటెనే ఆగుతది."

"రాపిడి ఉంటె ఇరుసు కాలుతది గద."

"గిది ఇరుసు కాదు బాపు. బ్రేకు."

ఆయన తలూపాడు. బట్టల సబ్బు తెచ్చుకుని ఆ రెండు రిమ్ములనూ మధ్యాహ్నం దాకా రుద్దుతూ కూర్చున్నాడు. రిమ్ము శుభ్రమైంది కానీ రబ్బర్లు నూనె తాగేశాయి, ఎంత రుద్దినా జారుతూనే ఉన్నాయి. మీ నాన్న సాయంత్రం పోయి కొత్త రబ్బర్లు తెచ్చి వేశాడు. మీ తాత మరుసటి రోజు తెల్లారగానే మిరపకు నీళ్ళు పెట్టాలని బయలుదేరాడు. పోయే ముందు చిన్నదాని పట్టీ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. అప్పటి నుంచి ఫోను చేస్తే అందరినీ అడుగుతాడు, సైకిలును మాత్రం అడగడు.

ఇక ఇప్పటి సంగతి రాయి, ఇదే అసలైంది. పోయిన వారం చెల్లెకు పట్టీ తీశారు. సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దామని మీ నాన్న అన్నాడు. మీ అమ్మ అటకెక్కించమంది. చిన్నది అన్నం మానేసి కూర్చుంది, చివరికి సైకిలు వరండాలోనే ఉంది. పడిన పిల్ల భయపడుతుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కొన్నాళ్ళు ఆ భయమే దాన్ని కాస్తుందిలే అనుకున్నాను.

మొన్న దాని తల దువ్వుతూ, మళ్ళీ బ్రేకు పడకపోతే ఏం చేస్తావు బిడ్డా అని అడిగాను. అది నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"మోరీ ఉంది గద నానమ్మా."

విన్నావా. దానికి భయం పట్టలేదు, ఉపాయం దొరికింది. బ్రేకు కన్నా మోరీ నమ్మకం అనుకుంటోంది ఆ పిల్ల. కాదని నేను ఎంత చెప్పినా, నేను పడ్డ కదా, ఏం కాలే కదా అంటుంది.

నిన్న పొద్దున అది బడికి పోయాక నేను కూరగాయలకు కిందికి దిగాను. మున్సిపాలిటీ వాళ్ళు ఆ మోరీని కప్పేస్తున్నారు. పైన సిమెంటు పలకలు పరుస్తున్నారు, మూల దాకా వచ్చేశారు. దోమలు పోతాయని ఎదురింటామె సంతోషపడుతోంది. చిన్నది ఆటోలో అవతలి రోడ్డు నుంచి వస్తుంది, అది ఇంకా చూడలేదు.

అందుకే నిన్ను కూర్చోబెట్టి ఇదంతా రాయిస్తున్నాను. మీ నాన్న వచ్చాక చదివి వినిపించు, నేను చెబితే ముసలిదాని బెంగ అంటాడు. కానీ అంతకంటే ముందు చెల్లెను చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయి ఆ పలకలు చూపించు. సైకిలు మీద కాదు, నడిపించి. కాలితో తొక్కి చూడనివ్వు, గట్టిగా ఉన్నాయని దానికే తెలియాలి.

రాసింది చాలు, లే. పిలువు దాన్ని. ఏదీ? వరండాలో సైకిలు కూడా లేదే. ఇప్పటిదాకా గడప మీద కూర్చుని చైను తుడుస్తోంది కదా.